సున్నా లేని వరస

తెర మీది అక్షరాలన్నీ ఒక్కసారి నడుమకి ముడుచుకుపోయి చిన్న చుక్క అయ్యాయి, తరవాత ఆ చుక్కా పోయింది. ఫ్యాను మాత్రం కరెంటు పోయిన సంగతి తనకెవరూ చెప్పనట్టు తిరుగుతూనే ఉంది, చుట్టుచుట్టుకీ కాస్త నెమ్మదిస్తూ. సుభానీగారు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "మళ్లీ మొదట్నుంచీ ఎక్కించాలి టీచర్‌గారూ" అన్నారు. పోయింది యంత్రం గుర్తుంచుకున్నది మాత్రమే, కాసెట్టులో ఉన్నది ఎక్కడికీ పోదు, అది నాకు తెలుసు. ఈ గదిలో నాకు తెలిసినవన్నీ జయరావుగారు చెప్పినవే. ఆయన నా భర్త. ఈ బడిలోనే లెక్కలు చెప్పేవారు, నేను తెలుగు చెబుతాను. పోయిన వానాకాలంలో కామెర్లొచ్చి గుంటూరు ఆసుపత్రిలో చనిపోయారు. ఇంత పొట్టిగా చెప్పడం నాకు ఈమధ్యే చేతనైంది. మొదట్లో ఎవరైనా అడిగితే వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. ఆయన ఒక పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేక నన్ను పిలిచిన దగ్గర్నుంచి మొదలయ్యేది, అడిగినవాళ్లు మధ్యలోనే తల దించుకునేవాళ్లు.

కిటికీలకి ఆకుపచ్చ పరదాలు. దుమ్ము పడకూడదని యంత్రంతోపాటే పరదాలూ వచ్చాయి, చెప్పులు గుమ్మం బయటే విడవాలన్న నియమమూ వచ్చింది. దుమ్మునైతే ఆపాయి గాని ఘాటునేం ఆపుతాయి? ఫిబ్రవరి. ఊరిచుట్టూ కళ్లాల్లో మిరపకాయ ఎండుతోంది, బడి గోడ అవతల కూడా ఎర్రగా పరిచి ఉంది. సుభానీగారు పొద్దుట్నుంచీ తుమ్ముతూనే ఉన్నారు. ఒంగోలులో పెరిగిన మనిషి, పొగాకు ఘాటైతే అలవాటేగాని ఇది తట్టుకోలేనంటారు. ముప్పై ఏళ్లు ఉండవు. కంప్యూటర్లు ఇచ్చిన బడులన్నీ తిరిగి, మాస్టర్లు సొంతంగా రాసుకున్న ప్రోగ్రాముల్లో పనికొచ్చేవి ఏరి, ఒక ఫ్లాపీలో ఎక్కించి, మళ్లీ బడులన్నిటికీ పంచడం ఆయన ఉద్యోగం. మా బడి నుంచి ఉన్నది ఒక్క కాసెట్టు. దాని మీద జయరావుగారి చేతిరాతలో ఒక్క మాట, వెదుకు అని.

గడప అవతల హనుమాయమ్మ, మా బడి ఆయా, లోపలికి రాకుండానే తొంగి చూసింది.

"ఏం బాబూ, పెట్టె పడుకుందా?"

"పడుకోవడం కాదమ్మా, ప్రాణమే పో..." అని సుభానీగారు నన్ను చూసి ఆగిపోయారు.

"ఫీజెగిరిపోయిందంట. అందరూ ఒక్కసారే మోటర్లేస్తే ఎగరదా మరి? లైన్‌మేను స్తంభమెక్కి కూర్చున్నాడు. కరెంటన్నా వచ్చుద్ది, ఆడన్నా దిగొస్తాడు, రెంట్లో ఏదో ఒకటి జరుగుద్ది."

"రెండింటి బస్సుకి వెళ్లిపోవాలమ్మా నేను."

"ఆ బస్సా? అది పర్చూరు కాడ నీ పెట్టె కంటే సుఖంగా పడుకోనుంటది. కూర్చో, మజ్జిగ తెస్తా." నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "టీచరమ్మా, పొద్దున ఏమన్నా తిన్నావా?" తిన్నానన్నాను. నమ్మలేదు. "నీకూ తెస్తాలే" అని వెళ్లిపోయింది.

లైబ్రరీ అనేవారు ఆయన ఈ కాసెట్టుని. బడి లైబ్రరీ నా చేతిలో ఉంది, అద్దాలు పగిలిన రెండు బీరువాలు, అందుకని నవ్వాను. నా లైబ్రరీకి తాళంచెవి ఉంది, మీదానికో అన్నాను. "దీనికి తాళం ఉండకూడదు రెబ్కా. ఒకడు ఒకసారి సరిగ్గా రాసిపెడితే చాలు, తరవాత ఎవడి ప్రోగ్రాములోకి కావాలన్నా పిలుచుకోవచ్చు. ఎలా వెదుకుతుందో వాడికి తెలియక్కర్లేదు." సరిగ్గా అన్న మాటని ఎప్పుడూ కొంచెం నొక్కి పలికేవారు. వరసలో పేర్చి ఉన్నవాటిలో ఒకదాన్ని వెదికి పట్టుకోవడం, అంతే, దాని పని అదొక్కటే. ఇంత చిన్న పనికి ఇన్ని రాత్రులా అనుకునేదాన్ని. కాని ఆయన వెదకడం నాకు యంత్రం రాకముందే తెలుసు. గుడిలో పాట నంబరు చెప్పగానే నేను కీర్తనల పుస్తకం మొదట్నుంచీ పేజీలు తిప్పేదాన్ని, ఆయన తనది సరిగ్గా నడిమికి తెరిచి, చూసి, అక్కర్లేని సగాన్ని వేళ్లతో మూసేసి, ఉన్న సగాన్ని మళ్లీ నడిమికి తెరిచి, హార్మోనియం ఎత్తుకునేలోపే పాట దగ్గరుండేవారు. "నువ్వు ఊరి మొదట్నుంచీ ఇంటింటికీ తలుపు కొట్టుకుంటూ వస్తావు" అనేవారు నా చెవి దగ్గర. నవ్వాపుకోలేక దగ్గేదాన్ని, పాస్టరమ్మగారు వెనక్కి తిరిగి చూసేవారు. ఇప్పుడు ఆదివారాలు నేను కూడా నడిమికే తెరుస్తున్నాను. ఎప్పటి నుంచో తెలియదు. మొన్న ఎవరో ముసలమ్మ నా చేతిలో పుస్తకం చూసి, ఎంత తొందరగా దొరికిందమ్మా నీకు అంది, ఆ పాటంతా నేను నోరు విప్పలేకపోయాను.

ఫ్యాను ఆగింది. ఆగాక గదిలో ఎన్ని చప్పుళ్లున్నాయో తెలిసింది, ఆరో తరగతివాళ్ల ఎక్కాలు, గోడ అవతల కాయలు తిరగేస్తున్న ఆడవాళ్ల మాటలు, సుభానీగారి గడియారం. మైదానం ఖాళీగా ఉండి ఉంటుంది ఈ ఎండలో. అక్కడే ఆయన పిల్లల్ని నిలబెట్టేవారు. ఎనిమిదో తరగతిని ఎత్తు ప్రకారం, పొట్టి పిల్ల నుంచి పొడుగు పిల్ల వరకు ఒకే వరస. కొత్తవాడెవడైనా బళ్లో చేరితే వాణ్ణి మొదట్నుంచీ ఒక్కొక్కరి పక్కనా నిలబెట్టి చూసేవారు కాదు. నేరుగా వరస మధ్యకి తీసుకెళ్లి అక్కడున్న పిల్ల పక్కన నిలబెట్టి "ఎవరర్రా పొడుగు?" అనేవారు. కొత్తవాడే పొడుగైతే పొట్టివాళ్ల సగమంతా కూర్చోవాలి, వాళ్లలో వీడి చోటు ఉండదు గనక. మిగిలిన సగంలో మళ్లీ మధ్యకి. అలా సగంలో సగం కూర్చుంటూ పోతే చివరికి ఇద్దరి మధ్య ఒక సందు మిగిలేది. "అదిగో, అదే నీ చోటు" అని భుజం మీద చెయ్యేసి వాణ్ణి అందులోకి నెట్టేవారు. మిరప కోతలప్పుడు సగం మంది రారు. రాని పిల్ల చోటులోకి పక్కవాళ్లు జరిగితే ఒప్పుకునేవారు కాదు. ఆ పిల్ల మండే చేతులు పావడాకి తుడుచుకుంటూ ఎప్పుడో వస్తుంది, వచ్చినప్పుడు ఎక్కడ నిలబడాలో వెదుక్కోకూడదు అనేవారు. పళ్ల మధ్య పన్ను ఊడినట్టుండేది వరస, హెడ్మాస్టరుగారు విసుక్కునేవారు.

యంత్రంలోనూ అదే రాశారు. వెదికిన పిల్ల దొరికితే ఎన్నో చోట ఉందో ఆ నంబరు చెబుతుంది. దొరక్కపోతే, వస్తే ఎన్నో చోట నిలబడాలో ఆ నంబరు చెప్పి ముందు మైనస్సు పెడుతుంది. పొద్దున సుభానీగారు మొదట అక్కడే ఆగారు. "లేకపోతే లేదనేస్తే సరిపోయేది కదండీ, మధ్యలో ఈ మైనస్సు నంబరేంటి?" లేదు అనేది సగం జవాబేనని ఆయన అనుకునేవారు, ఉంటే ఎక్కడుండేదో కూడా చెప్పాలనేవారు అన్నాను. సుభానీగారు కాసేపు తెరకేసి చూసి "బాగుందండీ" అన్నారు, మర్యాద కోసం కాకుండా.

సున్నా సంగతి ఆ తరవాత వచ్చింది. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో వరస సున్నాతో మొదలవుతుంది. మొదటిది సున్నా, రెండోది ఒకటి, అలా లెక్కపెడితే ముప్పై రెండు మందిలో చివరి నంబరు ముప్పై ఒకటి. యంత్రానికి అది సుఖమట. ఆ పుస్తకంలోని నమూనా దగ్గర పెట్టుకునే ఆయన ఇది రాశారు, అక్కడ మాత్రం ఒప్పుకోలేదు. "మన పిల్లల్లో సున్నా ఎవరు? ఆ పొట్టి పిల్లాణ్ణి నేను సున్నా అనను." లోపల ఎవరూ వినరు కదండీ అన్నాను, నవ్వుతూనే. వేరుశనక్కాయలు ఒలుస్తున్నాం, ఆయన చెయ్యి ఆగింది. కనిగిరి దగ్గర వాళ్ల ఊరి బడిలో, ఊరికి ఎడంగా ఉండే పాలెం పిల్లలు వెనక గోడవార కూర్చునేవాళ్లట. ఒక మాస్టరు అందరినీ పేర్లతో పిలిచి, వీళ్ల దగ్గరికొచ్చేసరికి పేర్లు పిలవకుండా సుద్దముక్కతో గాల్లో సున్నాలు చుట్టేవాడట, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. చుట్టగానే లేచి నిలబడాలి. అంతే చెప్పారు. ఆ మాస్టరు పేరు చెప్పలేదు, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఒలిచిన గింజలన్నీ నా వైపు నెట్టారు.

కరెంటు పోయేముందు సుభానీగారి వేలు సరిగ్గా అక్కడే ఉంది. "మొదటి స్థానం సున్నా ఉండాల్సింది, మాస్టారు ఒకటి చేశారు. చెయ్యొచ్చు, తప్పేం లేదు. కాకపోతే ముందు జరిపితే చివర కూడా జరపాలి. అది కింద ఉంటుంది, చూద్దాం" అని మీట నొక్కబోయారు.

ముందు జరిపితే చివర కూడా. ఈ మాట నేను ఇంతకు ముందు విన్నాను. ఎక్కడ విన్నానో తెలిసినా తెలియనట్టు కూర్చున్నాను కాసేపు, పరదా కుట్టులో ఊడిన దారం చూస్తూ. ఆసుపత్రిలో ఆ కిటికీకి పరదా లేదు, మధ్యాహ్నం ఎండ ఆయన కాళ్ల మీద పడేది, నా పైట అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. కళ్లు పసుపు ముద్దలు. "రెబ్కా, ముందు పిల్లని జరిపాను. చివరి పిల్లని జరిపానా?" జ్వరం మాటలమ్మా అంది నర్సు. నేనూ అలాగే అనుకున్నాను, మైదానంలో పిల్లల్ని నిలబెడుతున్నారనుకున్నాను. మాకు పిల్లల్లేరు, ఆయన కలవరించినా బడి పిల్లలే. అందరూ నిలబడ్డారండీ, మీరు పడుకోండి అన్నాను. నా ముఖంలోకి చూశారు, ఇంకేదో చెప్పబోయి మానుకున్నట్టు. మర్నాడూ అదే అడిగారు. ఆ తరవాత ఏదీ అడగలేదు. ఇన్నాళ్లూ ఆ మాటని ఒక కలవరింతలాగే దాచుకున్నాను, ఎవరికీ చెప్పలేదు, తీసి చూసుకుంటే మెత్తగా ఉండేది. అది కలవరింత కాదు. ఆయన తెలివిలోనే ఉన్నారు. కాగితం లేకుండా, తెర లేకుండా, తను రాసిన వరసలన్నీ మనసులో చదువుకుంటూ ఒక్క వరస దగ్గర ఆగిపోయారు, అది మార్చారో లేదో జ్ఞాపకం రాక నన్నడిగారు.

"చివర జరపకపోతే ఏమవుతుందండీ?" నా గొంతు నాకే పాఠం అడుగుతున్న పిల్ల గొంతులా వినిపించింది.

సుభానీగారు చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నారు. "చివరి పిల్ల దాకా ఎప్పుడూ వెళ్లదండీ. మిగతావాళ్లందర్నీ పట్టుకుంటుంది. ఆ ఒక్క పిల్లని మాత్రం ఎన్నిసార్లడిగినా లేదంటుంది." నా ముఖం చూసి తొందరగా అన్నారు, "మాస్టారు చూసుకునే ఉంటార్లెండి. ఒకవేళ తప్పున్నా మీరేం అనుకోకండి. అలాంటిదే నేను రాసింది ఒకటుంది, అది ఎక్కించేస్తాను. పేరు మాత్రం మాస్టారిదే ఉంచుతాను, నాదేం పోయింది?"

మంచి మనిషి. పేరు ఉంచుతారట. ఆయన పేరు సమాధి మీద ఉంది, బడి గోడ మీద పటం కింద ఉంది, ఇంకొక చోట ఉంటే ఏం, లేకపోతే ఏం. వెదకడం ఆయనది కావాలి నాకు. ఎక్కడో ఒక బళ్లో, ఆయన్ని ఎరగని ఎవరో మాస్టరు, ఎవరో పిల్ల కోసం అడిగినప్పుడు, నడిమికి తెరిచి సగం మూసే ఆ వేళ్లు ఆయనవి కావాలి. తప్పుంటే? ఒక్క క్షణం, లైన్‌మేను స్తంభం మీదే ఉండిపోతే బాగుండుననుకున్నాను. బస్సు వచ్చేస్తుంది, సుభానీగారు చూడకుండానే తనది ఎక్కించుకుంటారు, ఆయనది తప్పో ఒప్పో ఎవరికీ తెలియదు, కాసెట్టు ఇంటికి తీసుకుపోయి బీరువాలో పెట్టుకుంటాను. పెట్టుకుని? చివరి పిల్ల అంటే మా బళ్లో పుల్లమ్మ. తమ్ముణ్ణి చంకనేసుకుని పొలాల వెంట తిరిగి రెండేళ్లు ఆలస్యంగా చేరిన పిల్ల, అందరికంటే జానెడు పొడుగు, ఆ పొడుగు కనపడకూడదని మెడ వంచుకుని నడుస్తుంది. "నిటారుగా నిలబడవే పుల్లమ్మా, ఆ చివర గుంజవి నువ్వే, నువ్వు వంగితే వరసంతా వంగుద్ది" అనేవారు ఆయన. అప్పుడు నిలబడేది. పొట్టి పిల్లాణ్ణి సున్నా అనలేక వరసంతా ఒక అడుగు జరిపిన మనిషి, ఆ జరపడంలో ఈ పిల్లని వరస బయట వదిలేశారా? ఆసుపత్రి మంచం మీద ఆయన్ని నిద్రపోనివ్వనిది ఇదేనా?

"మీరేం తీసుకోలేదు" అంటున్నారు సుభానీగారు. మజ్జిగ గ్లాసు నా ముందు ఎప్పుడొచ్చిందో. హనుమాయమ్మ గుమ్మం దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది, నేను తాగేదాకా కదలదు. తాగాను. ఉప్పు ఎక్కువేసింది. చాలా రోజుల తరవాత ఒక రుచి తెలిసింది నాకు.

ముందు ఫ్యాను కదిలింది. తరవాత బడంతా ఒక్కసారి హో అని అరిచింది, అన్ని తరగతులూ. "దిగొచ్చాడు!" అంది హనుమాయమ్మ, ఆ స్తంభమెక్కినవాణ్ణి తనే దింపినట్టు.

కాసెట్టు మళ్లీ మొదటికి తిప్పి పెట్టారు సుభానీగారు. ప్రోగ్రాము ఎక్కేటప్పుడు ఆ చప్పుడు ఎవరూ భరించలేరు, కీచురాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టుంటుంది. అది ఆగగానే రెండు క్షణాలు ఆడవాళ్ల పాట వినిపించింది, మా క్వయరు క్రిస్మస్ సాధన, ఆ కాసెట్టు మీదే ఆయన ఇది రికార్డు చేసుకున్నారు, ఆ గొంతుల్లో ఒకటి నాది. సుభానీగారు గబుక్కున ఆపేశారు. అక్షరాలు కిందకి జారుతూ వచ్చాయి. మొదటి స్థానం, ఒకటి. ఆ కింద వరస నేనూ చదవగలిగాను. చివరి స్థానం, మొత్తం మంది మైనస్ ఒకటి.

జరపలేదు.

ముప్పై రెండు మంది ఎత్తులూ అందులోనే ఉన్నాయి, సుభానీగారు చివరి ఎత్తు కొట్టి వెదకమన్నారు. యంత్రం ఆలోచించనైనా లేదు. మైనస్ ముప్పై రెండు.

ఆయన ముందుకి వంగారు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, మళ్లీ అదే ఎత్తు కొట్టారు. మళ్లీ అదే జవాబు. "టీచర్‌గారూ, చూశారా, ఆ పిల్ల లేదంటోంది. వస్తే ముప్పై రెండో చోట నిలబడాలంటోంది."

"పుల్లమ్మ నిలబడేది అక్కడే" అన్నాను.

"అదేనండీ నేననేది! పిల్ల కనపడకపోయినా చోటు మాత్రం తప్పు చెప్పలేదు." ఆశ్చర్యంతో నవ్వబోయి, నవ్వచ్చో లేదో తెలియక నా వైపు చూశారు. నేనే ముందు నవ్వాను. నవ్వుతున్నానని ఆ తరవాత తెలిసింది.

"దీన్నే సరిచెయ్యొచ్చా?"

"రెండక్షరాలు. ఆ మైనస్సూ, పక్కనున్న ఒకటీ తీసేస్తే చాలు. చేసేస్తాను ఉండండి."

"నేను తీస్తాను."

సుభానీగారు లేచి కుర్చీ ఇచ్చారు, ఏ మీట ఎక్కడుందో చూపించి రెండడుగులు వెనక్కి జరిగారు. జయరావుగారు రాసినదాంట్లోంచి ఏదైనా చెరపాల్సి వస్తే నా చెయ్యి ఆడదని గంట సేపట్నుంచీ భయపడుతున్నాను. కాని దగ్గరగా చూస్తే ఆ రెండక్షరాలు ఆయనవి కావు. పుస్తకంలోవి. అక్కడ మొదట సున్నా ఉంది గనకే ఇక్కడ ఆ మైనస్ ఒకటి ఉంది. ఆయన సున్నాని తీసేశారు, దాని తోక ఇక్కడ మిగిలింది, అంతే. ఒక వేలితో ఒకటిని చెరిపాను, తరవాత మైనస్సుని. పుల్లమ్మ ఎత్తు కొట్టాను.

ముప్పై రెండు. ముందు ఏ గీతా లేదు.

"జరిగిందండీ" అన్నాను. "చివరి పిల్ల కూడా జరిగింది."

ఆ మాట తనతో కాదని తెలిసి, సుభానీగారు ఫ్లాపీ కవరు మీద ఉన్న అక్షరాలు చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. కాసేపటికి, "ఎక్కించేద్దామా?" అన్నారు మెల్లిగా.

"అందరినీ ఒకసారి అడిగి చూద్దామా? ఇంకెవరైనా మిగిలిపోయారేమో."

దూరంగా చెరువుకట్ట మలుపులో బస్సు హారన్. పర్చూరులో పడుకోలేదు, వేళకే వచ్చింది. గుమ్మంలోంచి హనుమాయమ్మ కేకేసింది, "బాబూ, నీ బస్సు! పరిగెత్తు!" సుభానీగారు ఒకసారి గడియారం చూసుకుని, పక్క బెంచీని నా దగ్గరగా లాక్కుని కూర్చున్నారు. "పోనీలేమ్మా" అని కేకేసి, జేబులోంచి పెన్సిలు తీశారు. అవి పోయిన జూన్ నాటి కొలతలు. ఈపాటికి అందరూ కాస్త పెరిగే ఉంటారు. "ఒకటో చోట నూట ఇరవై ఎనిమిదండీ, ఎవరు?"

"క్రీస్తుదాసు" అన్నాను, మీట నొక్కుతూ.